‘పైన్నుంచే ప్రాబ్లం సార్’: ఒక ఏకసభ్య కమిషన్ నివేదిక

మొన్న ఏప్రిల్‌లో మా ఇంట్లో ఇంటర్నెట్ డబ్బా మీద ఎర్రలైటు వెలిగింది. వెలిగి ఊరుకోలేదు, మూడు రోజులపాటు కన్ను కొడుతూనే ఉంది. మొదటిరోజు స్విచ్చి ఆపి వేశాను, అది శాస్త్రీయ పద్ధతి. రెండోరోజు దాని నెత్తిన ఒకటి మొట్టాను, అది సంప్రదాయ పద్ధతి. మూడోరోజు కేబులాయనకు ఫోన్ చేస్తే, "పైన్నుంచే ప్రాబ్లం సార్" అన్నాడు.

ఈ జవాబు నేను ముప్పయ్యేళ్ళుగా వింటున్నాను. డిష్షుల రోజుల్లో సీరియల్ మధ్యలో బొమ్మ పోయినా ఇదే, కరెంటు పోయినా ఇదే, రేషన్ షాపులో వేలిముద్ర పడకపోయినా ఇదే. ఆ ‘పైన’ ఎక్కడుంది, అక్కడ ఎవరుంటారు, వాళ్ళకి ఎర్రలైటు కనిపిస్తుందా లేదా అన్నది మాత్రం ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. ఈసారి వదలకుండా అడిగాను. తన పైన ఎమ్మెస్వో, అంటే కేబులాయనలకి సిగ్నల్ పంచే పెద్ద ఆపరేటరు, ఉన్నాడన్నాడు. ఆయన పైన? జిల్లా వాళ్ళు. వాళ్ళ పైన? మెయిన్ ఆఫీసు. దాని పైన? "ఆ పైన మనకేం తెలుస్తుంది సార్" అన్నాడు, వేదాంతిలాగా. (సర్వీసు ఎవరిదో ఇక్కడ రాయను. రాస్తే మిగతా సర్వీసుల వాళ్ళు మురిసిపోతారు. వాళ్ళకంత అర్హత లేదు.)

మన దేశంలో ఏ జబ్బుకైనా మొదటి మందు కమిషన్ కాబట్టి నన్ను నేనే ఏకసభ్య కమిషన్‌గా వేసుకున్నాను. పరిశీలించాల్సిన అంశం ఒక్కటే: ఇంటింటికీ ఇంటర్నెట్ మోసుకొస్తున్న ఈ గాజు తీగ, అంటే ఫైబర్, ఎవరి సొత్తుగా ఉండాలి? గడువు మూడు నెలలు, పొడిగింపు నేనే ఇచ్చుకుంటాను. రోజుకి రెండు కాఫీలు గౌరవ వేతనంగా కోరితే ఆర్థిక శాఖ, అంటే మా ఆవిడ, ఒకటి మంజూరు చేసింది.

ముందు వివాదాస్పద ఆస్తిని పరిశీలించాను. పైన నల్లటి తొడుగు తీస్తే లోపల ఉన్నది వెంట్రుకంత గాజు పోగు, మందం 125 మైక్రాన్లు. అందులోనూ వెలుతురు నడిచే దారి తొమ్మిది మైక్రాన్లే. ఎక్కడో ఒక గదిలోంచి బయల్దేరిన పోగు దారిలో స్ప్లిటర్ అనే చిన్న డబ్బీ దగ్గర ముప్పై రెండుగానో అరవై నాలుగుగానో చీలి ఇళ్ళలోకి పోతుంది. అంటే నేనూ, పక్కింటి మేష్టారూ ఒకే పోగులోని వెలుగును పంచుకుని బతుకుతున్నామన్నమాట. ప్రహరీ గోడ తగాదా వచ్చి మా మధ్య పదేళ్ళుగా మాటల్లేవు. ఈ సంగతి తెలిశాక ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఇక హక్కుదారులు. కమిషన్ ముందు మొట్టమొదట కేంద్ర ప్రభుత్వం వచ్చి నిలబడింది. నిలబడడంలో వారికి మంచి అనుభవం ఉంది. 2011 అక్టోబరులో జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ అనే పథకానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు రెండేళ్ళలో తీగ అన్నారు. రెండేళ్ళయ్యాయి. ఇంకో రెండేళ్ళయ్యాయి. అంత పొడుగు పేరు పలకలేకే పని నడవడం లేదని కనిపెట్టినట్టున్నారు, 2015లో భారత్‌నెట్ అని మార్చారు. పేరు కలిసొచ్చి 2017 చివరికి లక్ష పంచాయతీలు పూర్తయ్యాయన్నారు. పంచాయతీ ఆఫీసు దాకా తీగ రావడమంటే పెళ్ళివారు ఊరి పొలిమేరకు వచ్చినట్టు. లోపలికి తీసుకొచ్చేవాళ్ళు వేరే ఉండాలి. ఇంతలో ఈ పని కోసమే పుట్టించిన బీబీఎన్‌ఎల్ అనే సంస్థను 2022లో తీసుకెళ్ళి బీఎస్‌ఎన్‌ఎల్‌లో కలిపారు. ఒక మంచం మీదున్న రోగి పక్కన ఇంకో రోగిని పడుకోబెడితే ఇద్దరూ లేచి నడుస్తారన్న వైద్య సిద్ధాంతం దీని వెనక ఉన్నట్టు కమిషన్ గ్రహించింది. 2023 ఆగస్టులో ఇదే పథకానికి కొత్త రూపం ఇచ్చి 1.39 లక్షల కోట్ల రూపాయలు కేటాయించారు.

డబ్బెవరిదని అడిగాను, కమిషన్ కాబట్టి అడగాలి. టెలికాం కంపెనీలు తమ సవరించిన స్థూల ఆదాయంలో ఐదు శాతం పల్లెల కోసం ఒక నిధికి కట్టాలి. ఆ నిధిలోంచే భారత్‌నెట్ నడుస్తోంది. కంపెనీల ఆదాయం ఎక్కణ్ణుంచి వస్తుందో నెలనెలా రీఛార్జి చేసేవాళ్ళకి చెప్పక్కర్లేదు. కాబట్టి మీ ఊరికి తీగ ఇంకా రాకపోతే బాధపడకండి. దాని ఖరీదు మీరు ఎప్పట్నుంచో కడుతూనే ఉన్నారు.

రాష్ట్ర ప్రభుత్వం వాంగ్మూలం ఇంకా రుచిగా ఉంది. ఇక్కడ కమిషన్ కాస్త ఎక్కువసేపు కూర్చుంటుంది, సొంత ఊరి వ్యవహారం కదా. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్ గ్రిడ్ ఆలోచన నిజంగా తెలివైనదే. తీగను భూమిలో పాతితే వేల కోట్లు, పైగా తవ్విన రోడ్డు మళ్ళీ పూడదు. అందుకని ఉన్న కరెంటు స్తంభాల మీదుగానే లాగేద్దామన్నారు. మొదటి దశకు 333 కోట్లు, ఇరవై మూడు, ఇరవై నాలుగు వేల కిలోమీటర్ల తీగ. కోనసీమలో జీడిపప్పుకి పేరున్న మోరి గ్రామంలో 2016 డిసెంబరులో ఇళ్ళకు కనెక్షన్లిచ్చి చూపించారు. జీడిపప్పు వలిచే ఇంట్లో వైఫై! మరుసటేడు, 2017 డిసెంబరు 27న, సాక్షాత్తూ రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ప్రారంభం. నెలకి 149 రూపాయలకు నెట్టు, టీవీ, ఫోను, మూడూ. ఆ రోజుల్లో మా వీధిలో ఇద్దరు టీ కొట్టు దగ్గర కలిస్తే పలకరింపు "మీకొచ్చిందా?" అనే.

కోటి ఇళ్ళన్నారు. కోటి అనేది మన దగ్గర ఒక అంకె కాదు, ఒక దీవెన. కోటి దీపాలు, కోటి తలంబ్రాలు, కోటి కనెక్షన్లు. ఎవరూ లెక్కపెట్టరు, పెట్టకూడదు కూడా. కనెక్షన్లు లక్షల దగ్గరే ఆగాయి. కారణం కోసం తవ్వితే రాష్ట్రం 24 వేల కిలోమీటర్లు లాగి, ఇంటి ముందు చివరి రెండొందల మీటర్లు కేబుల్ ఆపరేటర్లకి వదిలేసిందని తేలింది. ఏనుగును కొన్నారు గానీ అంకుశం ఇంకొకరి చేతిలో ఉంది. పైగా తీగ వేసినవాళ్ళే నెట్టూ అమ్మాలి, టీవీ చానెళ్ళూ చూపించాలి, సెట్‌టాప్ బాక్సులూ తెప్పించాలి అనుకున్నారు. 2023 నాటికి ఇంకో ప్రభుత్వం వచ్చి ఉంది, అదే తీగ మీద 99 రూపాయలకు కొత్త సినిమా మొదటిరోజు మొదటి ఆట అంది. రోడ్డు వేసిన శాఖే బస్సు తోలి, బస్సులో పల్లీలమ్మి, దిగేటప్పుడు సినిమా టిక్కెట్టు కూడా చింపిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. మధ్యలో ప్రభుత్వాలు మారాయి, ఛైర్మన్లు మారారు, టెండర్ల మీద కేసులు పడ్డాయి. తీగ మాత్రం పాపం ఏ పార్టీలోనూ చేరకుండా ఎండకి ఎండి వానకి తడుస్తూ స్తంభం మీదే ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో వేల స్తంభాలను పడగొట్టినప్పుడు ఏమైందో వేరే చెప్పాలా? స్తంభం పడితే తీగ నిలబడదు. ఇది మాత్రం పై నుంచే ప్రాబ్లం, ఒప్పుకుంటాను.

తెలంగాణ వారు ఇంకో తెలివి చూపించారు. మిషన్ భగీరథ నీళ్ళ గొట్టాల కోసం ఎలాగూ కందకం తవ్వుతున్నాం కదా, అందులోనే ఫైబర్ గొట్టమూ పడేద్దామన్నారు. ఒక్క తవ్వకంలో రెండు పనులు, ఏ శాఖా చేయని సాహసం ఇది. అయితే నీళ్ళు ముందొచ్చాయి, నెట్టు గొట్టంలోనే కుంభకర్ణుడిలా పడుకుంది. 2024 డిసెంబరులో టీ-ఫైబర్ కింద ముందుగా కొన్ని పల్లెల్లో ఇళ్ళకు కనెక్షన్లు మొదలుపెట్టారు.

ఈ ఘట్టంలో కమిషన్‌కి కాటన్ దొర గుర్తొచ్చాడు. గోదావరి జిల్లాల వాళ్ళకి రోజుకొకసారి గుర్తొస్తాడనుకోండి. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టి కాలవలు తవ్వించిన ఆ మహానుభావుడు చేసిన ఘోర తప్పిదం ఒకటుంది: ఊరికి ఒకటే కాలవ తవ్వించాడు. పోటీ లేకుండా చేశాడు. అదే ఇప్పటి విధానం ప్రకారం చేసుంటే ఒక పొలం పక్కనుంచి నాలుగు కంపెనీల నాలుగు కాలవలు సమాంతరంగా పారేవి. రైతు తనకి నచ్చిన కంపెనీ నీళ్ళు తీసుకునేవాడు, మొదటి మూడు నెలలు ఉచితం. పొలమంతా కాలవలే అయిపోయి వరి వేసే చోటు లేకపోయినా, ఎంపిక స్వేచ్ఛ మిగిలేది. దొరకి ఆ బుద్ధి పుట్టలేదు. పైగా కాలవ గండిపడితే చూడ్డానికి లాకుకొక లస్కరుని జీతమిచ్చి పెట్టారు. లస్కరు ఇంటికి వెళ్తే మనిషి దొరికేవాడు. పైన్నుంచే ప్రాబ్లమని చెప్తే రైతు కాలవలోకి తోసేవాడు కాబట్టి, నిజంగానే పైకి వెళ్ళి చూసొచ్చేవాడు.

ప్రైవేటు కంపెనీలది ఇంకా శుభ్రమైన వాదన. లాభం వచ్చే చోటికి వస్తాం, రాని చోటికి రాము. దీనికి వాళ్ళ పరిభాషలో "ఫీజిబిలిటీ లేదు సార్" అంటారు. మా వీధిలో ఫీజిబిలిటీ పొంగి పొర్లుతోంది, స్తంభానికి నాలుగు తీగలు. ఒక ఇంటికి కావల్సింది ఒకటే, మిగతా మూడూ స్తంభానికి నగలు. కనెక్షన్ మార్చినవాడి పాత తీగను ఎవరూ తీసుకుపోరు, అది స్తంభం మీదే చుట్ట చుట్టుకుని కాకి గూడై కాపురం పెడుతుంది. అదే కాలవ దాటి లంకలోకి వెళ్తే తీగ కాదు కదా, తీగ అమ్మేవాడి గొడుగు కూడా కనపడదు. పట్నంలో అపార్ట్‌మెంట్లది వేరే రాజ్యాంగం. అసోసియేషన్ సెక్రటరీ ఎవరితో సంతకం పెట్టాడో ఆ కంపెనీ తీగే మెట్లెక్కుతుంది, మిగతావాళ్ళు వాచ్‌మన్ దగ్గరే ఆగిపోతారు.

ఈ తీగల నగలు ఎంత ప్రమాదమో చెప్పేటప్పుడు వేళాకోళం పనికిరాదు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సిబ్బంది స్తంభాల మీద కేబుళ్ళను కోసుకుంటూ పోయారు. నగరంలో చాలాచోట్ల నెట్టు ఆగింది, వ్యవహారం హైకోర్టుకి ఎక్కింది. ఏళ్ళ తరబడి తలల మీద వేలాడిన తీగల్లో ఏది ఎవరిదో, ఏది పనిచేస్తోందో, ఏది చచ్చిపోయిందో చెప్పే లెక్క ముందే ఉండి ఉంటే కత్తెర పట్టాల్సిన అవసరం వచ్చేది కాదు. సొత్తు ఎవరిదన్న ప్రశ్న నేను సరదాకి పెట్టుకున్నదైనా, అది సరదా ప్రశ్న కాదు.

మళ్ళీ విచారణకొద్దాం. కోతి పక్షం కూడా ఒకటుంది. వారణాసిలో గంగ ఒడ్డు గుళ్ళ దగ్గర వేసిన ఫైబర్ తీగల్ని కోతులు కొరికేస్తున్నాయని 2015లో వార్తలొచ్చాయి. ప్రధాని సొంత నియోజకవర్గమనే గౌరవం కూడా వాటికి లేకపోయింది. అనుభవించేవాడిదే సొత్తు అనే సూత్రం ప్రకారం వాటి వాదనలో బలముంది. పొక్లెయిను పక్షం దానికి ఏమీ తీసిపోదు. భూమిలో తీగల్ని తవ్వేసేవాళ్ళ కోసం 2023 మార్చిలో కేంద్రం ఒక యాప్ విడుదల చేసింది. తవ్వే ముందు అందులో తెలియజేస్తే, కింద ఎవరి తీగలున్నాయో వాళ్ళకి కబురు వెళ్తుంది. చక్కని ఏర్పాటు. మా రోడ్డు తవ్విన కుర్రాడికి ఈ సంగతి చెప్పాను. "చూద్దామనే ఫోన్ తీశానండీ, సిగ్నల్ లేదు" అన్నాడు. అంతకు ఐదు నిమిషాల ముందే తీగ తెంపి ఉన్నాడు.

విదేశాలకి వెళ్ళి అధ్యయనం చేయాలని కమిషన్ ప్రతిపాదిస్తే ఆర్థిక శాఖ తిరస్కరించింది. కూర్చున్న చోటినుంచే చూశాను. స్వీడన్‌లో స్టాక్‌హోమ్ నగరం 1994లో స్టోకాబ్ అని సొంత సంస్థ పెట్టి ఊరంతా తీగ వేసింది. వేసి, తను నెట్టు అమ్మకుండా, అడిగిన ప్రతి కంపెనీకీ ఒకే షరతుల మీద తీగను అద్దెకిచ్చింది. ఎంత నీరసమైన పద్ధతో చూడండి. రిబ్బను కత్తిరించడానికి ఏమీ మిగలదు. ప్రభుత్వం మారినప్పుడు తీగ రంగు మార్చే వీలుండదు. అమెరికాలో చట్టనూగా అనే ఊళ్ళో కరెంటు సంస్థ ఊరిదే. అది 2010 నాటికే సెకనుకి గిగాబిట్ వేగం ఇంటింటికీ ఇచ్చింది. ప్రైవేటు కేబుల్ కంపెనీ కోర్టుకెళ్ళినా ఆగలేదు. అయితే పక్క ఊరివాళ్ళు మాకూ ఇవ్వండంటే రాష్ట్ర చట్టం అడ్డొచ్చింది, కరెంటిచ్చే పొలిమేర దాటి నెట్టు ఇవ్వకూడదట. ప్రజాసంస్థ బాగా పనిచేయడం అంటువ్యాధి కదా, కట్టడి ఉండాలి.

ఆస్ట్రేలియా కథ వింటే మాత్రం కమిషన్‌కి సొంతింటికొచ్చినట్టనిపించింది. 2009లో అక్కడి ప్రభుత్వం 4,300 కోట్ల డాలర్ల అంచనాతో సొంత సంస్థ పెట్టి, నూటికి తొంభై ఇళ్ళకి ఇంటిదాకా ఫైబర్ వేస్తామంది. 2013లో ప్రభుత్వం మారింది. కొత్తవారు, ఇంటిదాకా ఎందుకు దండగ, వీధి చివరిదాకా ఫైబర్ వేసి అక్కణ్ణుంచి పాత రాగి తీగలే వాడదామన్నారు. ఆ రాగి తీగల్ని టెలిఫోన్ కంపెనీ దగ్గర తీసుకున్నారు కూడా. కొన్నేళ్ళు పోయాక, అబ్బే, రాగి లాభం లేదని మళ్ళీ ఇళ్ళకి ఫైబర్ లాగుతున్నారు. మెల్‌బోర్న్‌లో ఉండే మా పిన్ని కొడుకు ఈ సంగతి చెప్తూ, "అన్నయ్యా, ఇక్కడికొచ్చాక నాకు ఇంటిమీద బెంగ పోయింది" అన్నాడు.

ఇవన్నీ తూచి నాలుగో నాడు కమిషన్ సిఫారసు రాయడానికి కూర్చుంది. తీగ ఊరిది కావాలి, కాలవలాగా. అందులో వెలుగును ఎవడైనా అమ్ముకోవచ్చు, అద్దె అందరికీ ఒక్కటే. తెగితే వచ్చి చూసే మనిషికి నెలజీతం, ఇంటి పేరు, దొరికే చోటు ఉండాలి. ఇంతవరకూ రాశానో లేదో గేటు దగ్గర చప్పుడైంది. కేబులాయన నిచ్చెనతో, తెగిన పోగుల్ని అతికే స్ప్లైసింగ్ మిషన్ సంచీతో వచ్చాడు. పైన ఏం లేదట, ఇక్కడే ఎక్కడో కట్టయ్యుంటుందట. అతని వెనకాలే, పదేళ్ళలో మొదటిసారి, మేష్టారు మా గేటులోకి వచ్చారు. ఆయనింట్లోనూ మూడు రోజులుగా ఎర్రలైటేనట. మనవరాలితో వీడియోలో మాట్లాడక మూడు రోజులయిందన్నారు. గొంతు కొంచెం తడిగా ఉంది.

కేబులాయన నిచ్చెన వేసుకుని ఎక్కాడు. మేష్టారి పెరట్లోని మామిడిచెట్టు కొమ్మ ఒకటి గోడ దాటి మా వైపుకి వంగి ఉంటుంది. ఆ కొమ్మ కాయలు ఎవరివన్నది కూడా మా తగాదాలో ఒక అంశం. రెండిళ్ళ తీగలూ ఆ కొమ్మల్లోంచే పోతున్నాయి. రెండూ ఒకే చోట తెగి వేలాడుతున్నాయి.

"చిక్కం తగిలి తెగినట్టుందండీ. ఎవరో కాయలు కోశారు" అన్నాడు పైనుంచి.

మెల్లిగా మాట మార్చాను, రిపేరుకి ఎంతవుతుందని. నాలుగొందలన్నాడు. "తీగ, డబ్బా కంపెనీవి కదయ్యా, మేమెందుకు కట్టాలి?" అన్నాను, కమిషన్ హోదాలో. "కంపెనీవే సార్" అన్నాడు అతను, గాజు పోగు తొడుగు ఒలుస్తూ. "మీరు కనెక్షన్ మానేస్తే కంపెనీవి. తెగితే మీవి."

మూడు నెలలు గడువు పెట్టుకున్న ప్రశ్నకి నిచ్చెన మీదే జవాబొచ్చింది.

"ఇంతకీ ఏమైందటండీ?" అన్నారు మేష్టారు. చెవి కాస్త మందం, కేబులాయన మాట వినబడలేదు.

వంటింట్లోంచి ఆవకాయ కోసం మా ఆవిడ కాయలు కొడుతున్న కత్తిపీట చప్పుడు వస్తోంది. ఆ చప్పుడుని మించేలా గొంతు పెంచి, "పైన్నుంచే ప్రాబ్లమటండీ" అన్నాను.

మేష్టారు తలెత్తి కొమ్మ వైపు చూశారు.